పొమ్మనే నిబంధన లేదు, పొగబెట్టే దారి ఉంది

ప్రశ్న: నేను గ్రూప్‌-1 పరీక్షలకు చదువుకుంటున్నాను. యూరోలో చేరిన దేశం తనంతట తాను బయటకు రావచ్చా, లేక మిగతా దేశాలన్నీ కలిసి ఒక దేశాన్ని వెళ్లగొట్టవచ్చా అన్న విషయం మీద మా గదిలో రెండు రోజులుగా వాదన నడుస్తోంది. బ్రిటన్ వచ్చేసింది కాబట్టి ఎవరైనా రావచ్చునని ఒక మిత్రుడు అంటున్నాడు. ఒప్పందంలో అలాంటి నిబంధనే లేదని మరొకడు అంటున్నాడు. ఎవరి మాట సరైనది?
— ఒక పాఠకుడు, అశోక్‌నగర్

జవాబు: ముందుగా బ్రిటన్ సంగతి పక్కన పెడదాం. 2020 జనవరి 31న బ్రిటన్ వదిలింది యూరోపియన్ యూనియన్‌ను, యూరోను కాదు. యూరో వాళ్ల జేబుల్లోకి ఎన్నడూ రాలేదు. యూరోకు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందం రాసుకున్న రోజుల్లోనే ఉమ్మడి కరెన్సీలో చేరనక్కరలేదన్న మినహాయింపును బ్రిటన్ రాయించుకుంది. డెన్మార్కూ అలాంటిదే సంపాదించింది. స్వీడన్‌కు అటువంటి మినహాయింపు లేదు, కానీ 2003లో అక్కడి ప్రజలు రిఫరెండంలో యూరో వద్దన్నారు. యూరోలో చేరాలంటే అంతకుముందు రెండేళ్లు ఒక మారకపు రేటు ఏర్పాటులో కొనసాగాలన్నది షరతు, ఆ ఏర్పాటులో చేరడమేమో ఐచ్ఛికం, అందుచేత స్వీడన్ అందులో చేరకుండా నేటికీ తన క్రోనానే వాడుకుంటోంది. గడప దాటకుండా బయటే నిలబడిపోవడానికి దారులు ఉన్నాయన్నమాట. దాటి లోపలికి వెళ్లినవాడి పరిస్థితి వేరు.

1992 ఫిబ్రవరి 7న సంతకాలు జరిగిన మాస్ట్రిక్ట్ ఒప్పందం, దాని తరువాత వచ్చిన సవరణలు, ఒక దేశపు పాత కరెన్సీకీ యూరోకూ మధ్య మారకపు రేటును తిరుగులేని విధంగా ఖరారు చేస్తామని చెబుతాయి. 2001 జనవరి 1న గ్రీసు చేరినప్పుడు 340.750 ద్రాక్మాలకు ఒక యూరో అని ఖరారైంది. రేటు మళ్లీ మార్చుకునే పద్ధతి గానీ, పాత కరెన్సీకి తిరిగి వెళ్లే పద్ధతి గానీ ఎక్కడా రాసి లేదు. 2009 డిసెంబరు 1న అమలులోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం మొదటిసారిగా 50వ అధికరణ ద్వారా నిష్క్రమణకు తలుపు పెట్టింది గానీ, ఆ తలుపు మొత్తం యూనియన్ నుంచి బయటకు దారితీసేదే తప్ప యూరో ఒక్కదాని నుంచి దారితీసేది కాదు. అదే నెలలో యూరోపియన్ కేంద్ర బ్యాంకు వెలువరించిన ఒక న్యాయ పరిశోధన పత్రం కూడా, యూనియన్‌లో ఉంటూ యూరోను మాత్రం వదలడం చట్టం దృష్టిలో ఊహకు అందని విషయమనీ, ఒక దేశాన్ని బహిష్కరించడం దాదాపు అసాధ్యమనీ తేల్చింది.

బహిష్కరణ ఎందుకు అసాధ్యమో మీ మిత్రులకు ఇలా చెప్పండి. యూనియన్ మౌలిక విలువలను తీవ్రంగా ఉల్లంఘించిన దేశానికి 7వ అధికరణ కింద ఓటు హక్కును నిలిపివేయవచ్చు. అంతకు మించిన శిక్ష ఒప్పందంలో లేదు. కొత్తగా అలాంటి నిబంధన పెట్టాలంటే ఒప్పందాన్ని సవరించాలి, సవరణకు సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి, అంటే తనను గెంటడానికి వీలు కల్పించే కాగితం మీద గెంటించుకోబోయే దేశమూ సంతకం పెట్టాలి.

కాబట్టి పరీక్షలో రాయవలసిన జవాబు విషయంలో గెలుపు మీ రెండో మిత్రుడిదే. అయితే ఆ జవాబుతో ఆగిపోతే 2015 వేసవిలో గ్రీసులో జరిగింది అర్థం కాదు. మన తెలుగులో పొమ్మనలేక పొగబెట్టడం అన్న మాట ఉంది. యూరో విషయంలో ఆ పొగ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడానికి ఒప్పందం కన్నా కేంద్ర బ్యాంకు లెక్కల పుస్తకాన్ని తిరగేయడం మేలు.

యూరో వాడే దేశం సొంతంగా డబ్బు సృష్టించుకోలేదు. అక్కడి బ్యాంకుల నుంచి జనం డిపాజిట్లు తీసేసుకుంటున్నప్పుడు, ఆ బ్యాంకులకు అత్యవసర రుణం ఇచ్చే పని ఆ దేశపు జాతీయ కేంద్ర బ్యాంకుదే అయినా, ఎంతవరకు ఇవ్వవచ్చునన్న గీత ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ కేంద్ర బ్యాంకు పాలకమండలి చేతిలో ఉంటుంది. కొళాయి మన ఇంట్లోనే ఉంటుంది, వాల్వు మాత్రం వీధి చివర ఉంటుంది. హైదరాబాదులో ఎండాకాలం గడిపినవారికి ఈ ఏర్పాటును ఇంకా వివరించనక్కరలేదనుకుంటాను.

2015 జనవరిలో గ్రీసులో అలెక్సిస్ సిప్రాస్ నాయకత్వంలోని సిరిజా పార్టీ, 2010 నుంచి తీసుకున్న అప్పులకు రుణదాతలు పెట్టిన పొదుపు షరతులను ఒప్పుకోబోమన్న హామీతో గెలిచింది. రుణదాతలతో చర్చలు నెలల తరబడి సాగి జూన్ చివర తెగిపోయాయి, సిప్రాస్ రిఫరెండం ప్రకటించారు. జూన్ 28న యూరోపియన్ కేంద్ర బ్యాంకు అత్యవసర రుణపు గీతను అప్పటికి ఉన్నచోటనే, అంటే సుమారు 8,900 కోట్ల యూరోల దగ్గరే, ఆపేసింది. రుణం వెనక్కి తీసుకోలేదు, పెంచడం మాత్రం మానేసింది. అంతే, మర్నాడు గ్రీసు బ్యాంకులు మూతపడ్డాయి. ఏటీఎంలో రోజుకు 60 యూరోలు మించి తీసుకోరాదన్న ఆంక్ష వచ్చింది. 20 యూరోల నోట్లు అయిపోయిన చోట్ల మెషిన్ 50 మాత్రమే ఇచ్చేది. కార్డు లేని పింఛనుదారుల కోసం కొన్ని శాఖలను ప్రత్యేకంగా తెరిచి, వారానికి 120 యూరోలు చేతికిచ్చారు. జూన్ 30న అంతర్జాతీయ ద్రవ్యనిధికి కట్టవలసిన 150 కోట్ల యూరోలకు పైబడిన వాయిదా కట్టలేకపోయారు.

దాదాపు ఏడాదిన్నర గడిచేసరికి, 2016 నవంబరులో, నేను హిమాయత్‌నగర్‌లో ఒక ఏటీఎం ముందు గంటన్నర నిలబడి 2,000 రూపాయల నోటు ఒకటి తెచ్చుకున్నాను. నా ముందున్న పెద్దాయన ఆ నోటును అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి చిల్లర ఎవడిస్తాడు బాబూ అని నన్నే అడిగారు. కారణాలు పూర్తిగా వేరు. మన నోట్లను రద్దు చేసినదీ, కొత్తవి అచ్చువేసినదీ మన ప్రభుత్వమే, మన రిజర్వు బ్యాంకే, కనుక కష్టం ఎంతైనా కొత్త నోటు ఎప్పటికో ఒకప్పటికి వస్తుందన్న నమ్మకం ఆ వరుసలో ఉంది. ఏథెన్స్‌లోని వరుసకు ఆ నమ్మకం లేదు, వాళ్ల నోటు అచ్చు వాళ్ల చేతిలో లేదు.

జూలై 5 రిఫరెండంలో 61 శాతానికి పైగా ఓటర్లు రుణదాతల షరతులు వద్దన్నారు. వారం తిరిగేసరికి, బ్రస్సెల్స్‌లో రాత్రంతా సాగిన సమావేశం తరువాత, సిప్రాస్ చాలావరకు అలాంటి షరతులనే ఒప్పుకుని 8,600 కోట్ల యూరోల వరకు మూడో రుణానికి తల ఊపారు. ఆ సమావేశానికి ముందు యూరో దేశాల ఆర్థిక మంత్రుల ముసాయిదాలో ఒక వాక్యం ఉంది: ఒప్పందం కుదరకపోతే, అప్పు మీద కొంత సవరింపుతో పాటు యూరో నుంచి తాత్కాలిక విరామం గురించి గ్రీసుతో వెంటనే చర్చలు జరపాలి. అది జర్మనీ ఆర్థిక మంత్రి వోల్ఫ్‌గాంగ్ షాయిబ్లే శాఖ నుంచి వచ్చిన ఆలోచన, కనీసం ఐదేళ్ల విరామమన్నది ఆయన లెక్క. ఆ వాక్యాన్ని ముసాయిదాలో బ్రాకెట్ల మధ్య ఉంచారు, తుది పత్రంలో తీసేశారు. ఒప్పందంలో ఎక్కడా లేని ‘విరామం’ అన్న మాట బ్రాకెట్లలోనైనా మంత్రుల బల్ల మీదకు వచ్చిందంటే, తిరుగులేనిదన్న మాటకు ఆ రాత్రి ఎంత బరువు మిగిలిందో ఊహించుకోవచ్చు.

అయితే అంత పొగలోనూ గ్రీసు ఇల్లు ఎందుకు వదలలేదు? కొందరు దీన్ని పిరికితనమన్నారు, నాకు అలా తోచదు. యూరో నోటు ఏ దేశపు సొత్తూ కాదు. మొదటి వరస నోట్ల మీద నంబరు ముందు గ్రీసుకు వై, జర్మనీకి ఎక్స్ వంటి అక్షరాలు ఉండేవి, సంక్షోభ కాలంలో వై అక్షరం నోట్లు చెల్లకుండా పోతాయేమోనని భయపడినవారూ ఉన్నారు. నిజానికి ఏ అక్షరం ఉన్నా నోటు నోటే, ద్రాక్మా తిరిగి వచ్చినంత మాత్రాన పరుపు కింద దాచిన యూరో ద్రాక్మాగా మారిపోదు. ప్రభుత్వం ఒక చట్టంతో మార్చగలిగేది బ్యాంకు పుస్తకాల్లోని అంకెలను, జీతాలను, పింఛన్లను. అందువల్ల మార్పు జరగబోతోందన్న పుకారు పుడితే చాలు, జనం బ్యాంకుకు పరుగెత్తుతారు. ఇక గ్రీసు చట్టం కింద ఉన్న అప్పును ద్రాక్మాల్లోకి మార్చవచ్చునేమో గానీ, ఇంగ్లండు చట్టం కింద జారీ అయిన బాండ్లూ, విదేశీ ప్రభుత్వాలకు బాకీపడ్డ సొమ్మూ యూరోల్లోనే మిగులుతాయి. కొత్త ద్రాక్మా విలువ సగమైతే ఆ అప్పు బరువు రెట్టింపవుతుంది. వీటన్నిటి పైన, కేంద్ర బ్యాంకుల మధ్య చెల్లింపుల వ్యవస్థలో పేరుకున్న బాకీ ఒకటి ఉంది. ఏ దేశమైనా వెళ్లిపోతే తన కేంద్ర బ్యాంకు బాకీని పూర్తిగా తీర్చవలసి ఉంటుందని 2017 జనవరిలో యూరోపియన్ కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు మారియో ద్రాగీ ఒక లేఖలో రాశారు. యూరో తిరుగులేనిదని 2012 జూలైలో లండన్‌లో ప్రకటించినవారే వెళ్లిపోవడానికి అయ్యే ఖర్చు ఎంతో చెప్పడం, నా దృష్టిలో, ఒక రకంగా తలుపు ఉందని ఒప్పుకోవడమే.

మీ గదిలో వాదనను నేను ఇలా తీరుస్తాను. వెళ్లే హక్కు రాసి లేదు, వెళ్లగొట్టే హక్కూ రాసి లేదు. కానీ సార్వభౌమ దేశం తెగించి సొంత నోటు అచ్చువేస్తే ఆపడానికి యూరోప్ సైన్యాన్ని పంపదు, కేంద్ర బ్యాంకు వాల్వు కట్టేస్తే ఆ దేశానికి సొంత నోటు అచ్చువేయడం తప్ప గత్యంతరమూ ఉండదు.

ప్రశ్న: యూరో సంగతి సరే, నిజంగా ఉమ్మడి కరెన్సీ నుంచి విడిపోయిన దేశాలు చరిత్రలో ఉన్నాయా? ఉంటే ఎలా విడిపోయాయి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, వనస్థలిపురం

జవాబు: చాలానే ఉన్నాయి అమ్మా. అన్నిటిలోకీ శుభ్రంగా జరిగిన వేరింటి కాపురం చెక్, స్లొవాక్ దేశాలది. 1993 జనవరి 1న చెకోస్లొవేకియా రెండు దేశాలైంది. కొన్ని నెలలైనా కరెన్సీ ఉమ్మడిగానే ఉంచుకుందామని అనుకున్నారు. స్లొవాక్ డబ్బు విలువ పడిపోతుందన్న అనుమానంతో అక్కడి జనమూ వ్యాపారులూ సొమ్మును చెక్ బ్యాంకులకు తరలించడం మొదలుపెట్టారు. ఉమ్మడి కరెన్సీ ఆరు వారాలు కూడా నిలవలేదు. ఫిబ్రవరి 8 నుంచి ఎవరి క్రౌను వారిదైంది. కొత్త నోట్లు సిద్ధంగా లేవు కాబట్టి, పాత పెద్ద నోట్ల మీద తపాలా బిళ్లల్లాంటి చిన్న కాగితాలు అంటించి వాటినే కొత్త కరెన్సీగా చెలామణి చేశారు. చిన్న నోట్లనూ చిల్లరనూ కొంతకాలం అలాగే వదిలేశారు. అంత పెద్ద మార్పు జిగురు పూసిన ఒక కాగితం ముక్క మీద నడిచింది. ఆ స్లొవేకియాయే 2009లో తన క్రౌనును వదిలి యూరోలో చేరింది, చెక్ దేశం ఇంకా చేరలేదు.

అందరికన్నా మొరటుగా జరిగింది రూబుల్ వ్యవహారం. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత రూబుల్ నోట్ల అచ్చు యంత్రాలు రష్యాలోనే ఉండిపోయాయి. కానీ ప్రతి కొత్త దేశపు కేంద్ర బ్యాంకూ రూబుళ్లలో అప్పులు ఇచ్చుకుంటూ పోయేది, ఫలితంగా ధరలు అందరికీ పెరిగేవి. ఉమ్మడి కుటుంబంలో ప్రతివాడూ ఇంటి పేరు మీద కిరాణా కొట్టులో ఖాతా రాయిస్తే ఏమవుతుందో అదే అయింది. ఎస్తోనియా 1992 జూన్‌లోనే తన క్రూనుతో బయటపడింది. అప్పటికీ రూబుల్‌లోనే మిగిలినవాటి విషయం 1993 జూలైలో తేలింది. 1992 వరకు అచ్చయిన పాత నోట్లు రెండు రోజుల్లో రష్యాలో చెల్లవని అక్కడి కేంద్ర బ్యాంకు ప్రకటించింది. మీరు వెళ్లిపోండని ఏ దేశాన్నీ అనలేదు. రష్యాలో చెల్లని నోట్లు మాత్రం పొరుగు దేశాలకు వరదలా వచ్చి పడ్డాయి. కొత్త రూబుళ్లు కావాలంటే పెట్టిన షరతులను చూసి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ విరమించుకుని ఆ నవంబరులో సొంత కరెన్సీలు తెచ్చాయి. కజకిస్తాన్ తన తెంగే నోట్లను ఇంగ్లండులో ముందే గుట్టుగా అచ్చువేయించి విమానాల్లో తెప్పించుకుంది. తజికిస్తాన్ మాత్రం 1995 దాకా పట్టుకుని వేలాడింది. రాతలో ఎక్కడా లేని బహిష్కరణ ఎలా ఉంటుందో చూడాలంటే చూడవలసింది దీన్నే.

వెళ్లి తిరిగి వచ్చిన దేశమూ ఉంది. పశ్చిమాఫ్రికాలోని మాలి 1962లో అక్కడి దేశాల ఉమ్మడి కరెన్సీ అయిన సీఎఫ్ఏ ఫ్రాంకును వదిలి సొంత ఫ్రాంకు పెట్టుకుంది. 1984లో తన రెండు ఫ్రాంకులకు ఒక సీఎఫ్ఏ ఫ్రాంకు చొప్పున మార్చి తిరిగి అందులోనే చేరింది. అదే మాలి మీద, సైనిక పాలకులు ఎన్నికలు వాయిదా వేశారన్న కారణంతో, 2022 జనవరిలో పొరుగు దేశాలు ఆంక్షలు విధించినప్పుడు ఉమ్మడి కేంద్ర బ్యాంకులోని ఆ ప్రభుత్వపు సొమ్ము స్తంభించిపోయింది, బాకీల వాయిదాలు తప్పాయి. జూలైలో గానీ ఆంక్షలు తొలగలేదు. సభ్యత్వం చెక్కుచెదరలేదు.

ప్రశ్న: మా మామగారు 1960ల మొదట్లో దుబాయ్‌లో పనిచేశారు. అప్పట్లో అక్కడ జీతం రూపాయల్లోనే ఇచ్చేవారని చెబితే మా పిల్లలు నవ్వుతున్నారు. ఆయన మాట నిజమేనా?
— ఒక గృహిణి, టోలీచౌకి

జవాబు: నిజమే, పిల్లలను నవ్వవద్దని చెప్పండి. గల్ఫ్‌లో చాలాచోట్ల అప్పటి చెలామణి మన రూపాయే. రూపాయలిచ్చి అక్కడ బంగారం కొని ఇక్కడికి దొంగతనంగా తేవడం, ఆ రూపాయలకు మన రిజర్వు బ్యాంకు విదేశీ మారకద్రవ్యం చెల్లించవలసి రావడం పెరిగిపోయాయి. అందుకని 1959లో గల్ఫ్ కోసం వేరే రంగుల్లో, నంబరు ముందు జెడ్ అక్షరంతో ప్రత్యేక నోట్లు అచ్చువేశారు. మీ మామగారు అందుకున్నవి బహుశా అవే. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో దీని నుంచి తప్పుకున్నాయి. 1966 జూన్ 6న మన ప్రభుత్వం డాలరుకు 4.76 రూపాయలుగా ఉన్న రేటును 7.50కి మార్చింది. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయంతో దుబాయ్ వ్యాపారి పెట్టెలోని సొమ్ము ఒక్క రోజులో మూడో వంతుకు పైగా కరిగిపోయింది, అతన్ని ఎవరూ అడగలేదు. ఆ ఏడాదే దుబాయ్, ఖతర్ రూపాయిని వదిలేశాయి. ఒమన్‌లో మాత్రం 1970 దాకా నడిచింది. ఇక్కడ వాల్వు మన చేతిలో ఉందని మనం సాధారణంగా గుర్తుచేసుకోము.

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయలు నాలుగు దొరికాయి. మా నాయనమ్మ వాటిని హాలీ రూపాయలని అంటారు. హైదరాబాదు తన కరెన్సీని వదిలి భారత రూపాయిలో కలవడం, గ్రీసు ద్రాక్మాను వదిలి యూరోలో కలవడం ఒకటేనా? ఈ రూపాయలు ఇప్పుడు బ్యాంకులో తీసుకుంటారా?
— ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: మీ నాయనమ్మగారు చెప్పింది సరైనది. నిజాం రాజ్యపు నాణేనికి హాలీ సిక్కా అని, బ్రిటిష్ ఇండియా రూపాయికి కల్దారు అని వాడుక. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు, దస్తావేజుల లెక్కలో చెప్పాలంటే వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. 1918 నుంచి నిజాం ప్రభుత్వం నోట్లూ వేసింది. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ విలువ రాసి ఉండేది. ఆ కరెన్సీ వ్యవహారాలు చూడడానికి 1941 చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంకును స్థాపించారు. 1948 సెప్టెంబరు తరువాత కొన్నేళ్లు రెండు రూపాయలూ పక్కపక్కనే చెలామణిలో ఉన్నాయి, 1950ల దశాబ్దం ముగిసేలోగా హాలీ చెల్లుబాటు ముగిసింది. డెబ్బై హాలీల జీతం అరవై రూపాయలైనప్పుడు విలువ ఏమీ పోలేదు, లెక్క అంతే. అయినా తన జీతం తగ్గించారని అనుకున్న గుమాస్తాలు ఉండే ఉంటారు.

పోలిక అంతవరకే. గ్రీసు కరెన్సీని ఇచ్చేసి ప్రభుత్వాన్ని ఉంచుకుంది, పన్నులు, పింఛన్లు, అప్పులు అన్నీ తనవే. హైదరాబాదు కరెన్సీతో పాటు రాజ్యాన్నీ ఇచ్చేసింది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితా 36వ అంశం కరెన్సీని పూర్తిగా కేంద్రానికి అప్పగించింది, అందుచేత తెలంగాణ రూపాయిని వదలడమన్న ప్రశ్న చట్టంలో ఎక్కడా తలెత్తదు. దానికి బదులుగా, ఒక రాష్ట్రంలో పంట పోతే, ఆదాయం పడిపోతే, ఆర్థిక సంఘం వాటాలూ కేంద్ర నిధులూ అంతో ఇంతో వస్తాయి. చాలినంత రావడం లేదన్న గొడవ మనకు నిత్యం ఉన్నదే. గ్రీసుకు 2010 మేలో వచ్చినది వాటా కాదు, షరతులతో కూడిన 11,000 కోట్ల యూరోల అప్పు.

ఇక మీ నాలుగు రూపాయలను ఏ బ్యాంకూ తీసుకోదు. వాటిలోని వెండికి ధర ఉంటుంది, నాణేలు సేకరించేవారి దగ్గర ఇంకొంచెం ఎక్కువ పలకవచ్చు. అమ్మే ముందు చార్మినార్ గుమ్మం మధ్యలో ఉన్న ఉర్దూ అక్షరాన్ని భూతద్దంతో చూడండి. అయిన్ అయితే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుది, మీమ్ అయితే ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాటిది.